భోగి నుంచి కనుమ దాకా సెలవు పెట్టే చట్టం



కోనసీమ వైపు నుంచి వచ్చి, ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి ఎక్కి దిగితే యానాం. నది ఒకటే, భాష ఒకటే. పిల్లనిచ్చి పుచ్చుకున్న చుట్టరికాలు రెండు గట్ల మీదా ఉన్నాయి. వంతెన దిగగానే మారేది చట్టం. ఇప్పుడు మందు చవకని అటు వెళ్లేవాళ్లున్నారు గానీ, ఒకప్పుడు పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లు. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరం అన్నారు. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఇంగ్లీషు వాళ్ల చట్టం అక్కడ చెల్లదు. ఇంకేం, పురోహితుడితో, మేళంతో, విస్తళ్ల కట్టలతో సహా పెళ్లివారు నది దాటారు. ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది.

జూదం గురించి, ఏ దేశంలో ఎలాంటి నిబంధనలున్నాయన్న దాని గురించి మాట్లాడమంటే ముందు యానాం ఎందుకు గుర్తొచ్చిందంటే, జూదం చట్టాల కథంతా ఇలా గట్టు దాటడం మీదే నడుస్తుంది. ఒక గట్టున పోలీసు దాడి చేసే ఆటకి అవతలి గట్టున ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వం తన ఊరివాళ్లని మాత్రం లోపలికి రానివ్వదు. ఈ రెండో మాట కొంచెం విచిత్రంగా ఉంటుంది. దాని దగ్గరికే వస్తాను.

ముందు మన దేశం సంగతి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా ఉంది. అందులో 34వ పద్దు పందేలు, జూదం. అంటే జూదం మీద ఏం చేయాలన్నది ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌కి 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. నరసాపురంలో ఒక ఇంటి మేడ మీద నలుగురు డబ్బు పెట్టి మూడు ముక్కలాట ఆడితే మర్నాడు పేపరులో పేకాటరాయుళ్ల అరెస్టు అని పడుతుంది. అదే నలుగురు రైలెక్కి గోవా వెళ్లి, పణజీలో మాండవి నదిలో లంగరేసిన ఓడ ఎక్కి కూర్చుంటే వాళ్లు అతిథులు. గోవా తన జూదం చట్టాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్లలో మిషన్లకి దారి ఇచ్చింది, తరవాత 1996లో ఓడల మీద బల్లాటలకి దారి ఇచ్చింది. సిక్కిం 2002లో కాసినోల కోసమే చట్టం చేసింది. లాటరీ సంగతి చూడండి. కేరళ ప్రభుత్వం 1967లో సొంతంగా లాటరీ శాఖ పెట్టి, రూపాయి టిక్కెట్టుకి యాభై వేలు మొదటి బహుమతిగా 1968 జనవరి 26న మొదటి డ్రా తీసింది. ఇవాళ్టికీ అది ఆ ప్రభుత్వానికి పెద్ద రాబడి. ఒకే జెండా కింద ఇన్ని రకాలు.

అమెరికాలోనూ ఇంతే, అక్కడ ఇంకా ఎక్కువ. నెవాడా 1931లోనే కాసినోలకి తలుపులు తెరిచింది. యూటా, హవాయి ఇవాళ్టికీ ఏ రకం జూదానికీ ఒప్పుకోవు, లాటరీకి కూడా. మన పిల్లలు వేలమంది ఉన్న డల్లాస్ టెక్సాస్‌లో ఉంది. టెక్సాస్‌లో వాణిజ్య కాసినోలకి అనుమతి లేదు. అందుకని వారాంతంలో కారు తీసి ఉత్తరానికి వెళ్తారు. రాష్ట్రాల సరిహద్దు ఒక నది, పేరు రెడ్ రివర్. అది దాటగానే ఓక్లహోమా గట్టున విన్‌స్టార్ అని ప్రపంచంలోనే అతిపెద్ద కాసినోల్లో ఒకటి ఉంది. దాన్ని నడిపేది ఏ కోటీశ్వరుడో కాదు, చికసా అనే ఆదివాసీ జాతి ప్రభుత్వం. ఆదివాసీ జాతులు తమ నేల మీద ఆటలు నడుపుకోవచ్చని 1987లో వాళ్ల సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే, 1988లో దానికి చట్టం వచ్చింది. లాస్ వేగస్‌లో ఇరవై ఒక్కేళ్లు నిండకపోతే ఆడనివ్వరు, విన్‌స్టార్‌లో పద్దెనిమిది చాలు. ఎదుర్లంక వంతెన చూసిన వాళ్లకి ఆ రెడ్ రివర్ వంతెన కొత్తగా అనిపించదు.

ఇప్పుడు ఆ విచిత్రం దగ్గరికి వద్దాం. మొనాకో అనే చిన్న రాజ్యం. 1863లో మాంటే కార్లోలో కాసినో కట్టి, దాని రాబడితో ఖజానా నిలబెట్టుకున్న దేశం. ఆ దేశ పౌరుడికి ఆ కాసినోలో ఆడే హక్కు లేదు. మన పక్కనున్న నేపాల్ తీసుకోండి. కాఠ్‌మాండూ కాసినోలకి మన హైదరాబాదు నుంచీ, మన జిల్లాల నుంచీ కూడా వెళ్లొస్తుంటారు. అక్కడ ముక్కలు పంచే పిల్ల నేపాలీ, టీ తెచ్చే కుర్రాడు నేపాలీ, కానీ ఆడడానికి నేపాలీలకి ప్రవేశం లేదు. దక్షిణ కొరియాలో కాసినోలు పదిహేను పైన ఉన్నాయి. కొరియా వాళ్లని రానిచ్చేది ఒక్కటే, బొగ్గు గనులు మూతపడిన కొండ ప్రాంతంలో 2000లో పెట్టిన కాంగ్‌వన్ ల్యాండ్. పైగా కొరియా చట్టం మనిషిని వెంటాడుతుంది. మకావు వెళ్లి పెద్ద ఎత్తున ఆడొచ్చిన వాడి మీద ఇంటికొచ్చాక కేసు పెడతారు. మన చట్టం అలా గోవా దాకా రాదు లెండి. ఆ గోవా కూడా తమ వాళ్లకి కాసినోల్లో ప్రవేశం లేదని 2020లో ప్రకటించింది.

ఈ నిబంధనలు రాసిన వాళ్లకి జూదం ఏం చేస్తుందో బాగా తెలుసు. తెలిసే, పొరుగువాడి జేబు ఖాళీ అయినా పరవాలేదు, మనవాడి కొంప మాత్రం కూలకూడదు అని గీత గీశారు. నాకైతే ఇందులో నీతి కన్నా లెక్క ఎక్కువ కనిపిస్తుంది. బయటివాడు ఓడితే దేశానికి డబ్బు వస్తుంది. ఊరివాడు ఓడితే ఆ డబ్బు ఊళ్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంది, మధ్యలో ఒక సంసారం వీధిన పడుతుంది.

సింగపూరు వాళ్లు ఈ లెక్కని ఇంకా పట్టుగా వేశారు. ఎన్నో ఏళ్లు వద్దు వద్దని, 2005లో సరే అని, 2006లో చట్టం చేసి, 2010లో రెండంటే రెండు కాసినోలు తెరిచారు. విదేశీయుడు పాస్‌పోర్టు చూపించి ఊరికే వెళ్లొచ్చు. సింగపూరు పౌరుడు గానీ, శాశ్వత నివాసం కాగితం ఉన్నవాడు గానీ ఒక రోజుకి 150 డాలర్లు కట్టి లోపలికి వెళ్లాలి. ఏడాదికైతే 3,000. ఇది ఆట డబ్బు కాదు, గుమ్మం దాటడానికి. అంటే మొన్న మొన్నటిదాకా ఉద్యోగ వీసా మీద ఉన్న మన భీమవరం అబ్బాయి, శాశ్వత నివాసం వచ్చిన రోజు నుంచీ గుమ్మం పన్ను కట్టాలి. ఆ దేశంలో నాకు నచ్చింది మాత్రం ఇది కాదు. అక్కడ ఒక మనిషి జూదంలో పడి ఇల్లు గుల్ల చేస్తుంటే, అతని భార్య గానీ, తల్లిదండ్రులు గానీ, పిల్లలు గానీ, తోబుట్టువులు గానీ అర్జీ పెట్టుకోవచ్చు. విచారించి, ఆ మనిషిని కాసినో గుమ్మం తొక్కనివ్వకుండా ఉత్తర్వు ఇస్తారు. దివాలా తీసినవాడికీ, ప్రభుత్వ సాయం మీద బతికేవాడికీ ఆ ఉత్తర్వు అడక్కుండానే ఉంటుంది. అలాంటి అర్జీ కాగితం మన తహసీల్దారు ఆఫీసుల్లో దొరికితే, సంక్రాంతి ముందు క్యూలో నిలబడే ఆడవాళ్లని చూడాలి మీరు.

పేకాట గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకి పోలేను. ఇది మన తెలుగు నేల మీద పుట్టి దేశమంతా చెల్లిన ముచ్చట. 1963 మేలో సికిందరాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అనే క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టుబట్టి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ ఒట్టి అదృష్టం కాదు, ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యం ఆట అని తేల్చారు. క్లబ్బు ఆ ఆట మీద లాభం తీస్తే మాత్రం సంగతి వేరు అని కూడా అన్నారు. ఆ రెండో ముక్కని చాలామంది మరిచిపోయారు. మొదటి ముక్క మీదే మన టౌన్ క్లబ్బుల్లో పదమూడు ముక్కల బల్లలు దశాబ్దాల తరబడి నడిచాయి. ఆ తీర్పునే పట్టుకుని, తరవాత ఆన్‌లైన్ కంపెనీలు సెల్‌ఫోన్లోకి రమ్మీని దించాయి.

బల్ల మీద రమ్మీలో ఎదురుగా కూర్చున్నవాడి మొహం కనిపిస్తుంది. డబ్బు అయిపోతే లేవక తప్పదు. ఫోన్లో రమ్మీకి ఆ రెండూ లేవు. పాలకొల్లులో పొలం గట్టు మీద కూర్చున్న కుర్రాడు, చెరువుకి మేత కొనమని తండ్రి ఖాతాలో వేసిన డబ్బు వేలితో నొక్కి పోగొట్టుకోవచ్చు. తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ ఆటలని చట్టం కిందికి తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తగువునే పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషేధం. ఆడించేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు, అతన్ని నష్టపోయినవాడిగా చూశారు. బ్రిటన్ ఇంకో దారిలో వెళ్లింది. అక్కడ ఆన్‌లైన్ జూదానికి లైసెన్సు ఉంది, కానీ 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో ఆడనివ్వరు. నీ డబ్బుతో ఆడుకో, అప్పుతో ఆడకు అని. ఏది మేలో ఇంకొన్నేళ్లు చూస్తే గానీ తెలియదు.

అప్పు మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. నువ్వు గెలిచావు, అవతలివాడు ఇవ్వనన్నాడు, కోర్టుకి వెళ్లలేవు. ఒక్క గుర్రప్పందెం బహుమతికి మాత్రం మినహాయింపు, తెల్లదొరల సరదా కదా. ఇంగ్లండు వాళ్లు తమ పాత సూత్రాన్ని 2005 చట్టంతో వదిలేసుకున్నారు, ఇప్పుడు అక్కడ పందెం బాకీకి దావా వేయొచ్చు. నెవాడాలోనైతే కాసినోకి రాసిచ్చిన బాకీ చీటీ తీర్చకపోతే చెల్లని చెక్కు ఇచ్చినట్టే, జైలు కేసు అవుతుంది. మన దగ్గర మాటే చీటీ. మాట తప్పితే కోర్టు లేదు గనక వేరే పద్ధతులు వస్తాయి. ఆ పద్ధతులేమిటో ఊళ్లలో ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక కోళ్లు. గోదావరి జిల్లాల్లో జూదం గురించి మాట్లాడుతూ ఇంతసేపు కోళ్ల పేరు ఎత్తలేదేమిటని మీరు విసుక్కునే ఉంటారు.

కోడిపందెం మనకి కొత్తగా వచ్చింది కాదు. పల్నాటి కథలో రాజ్యాలు కోళ్ల మీద పోయాయి. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో కోళ్లు తలపడతాయి. పెద్దవాళ్లు కుక్కుట శాస్త్రం తిరగేసి, ఏ వారం ఏ నక్షత్రంలో కోళ్ల రంగుల్లో డేగ గెలుస్తుందో, కాకి గెలుస్తుందో, నెమలి గెలుస్తుందో చూసి మరీ దించుతారు. జీడిపప్పు, బాదం, ఉడికించిన గుడ్డు, కైమా పెట్టి నెలల తరబడి పెంచుతారు, నీళ్లలో ఈత కొట్టిస్తారు. ఇదంతా నిజం, ఇందులో ఒక విద్య ఉంది, కాదనను. కానీ సంక్రాంతి పండగనాడు బరి దగ్గర జరిగేది చూడండి. రెండు కోళ్లని మొదట ముక్కుకి ముక్కు చూపించి కోపం తెప్పిస్తారు. కత్తి కట్టేవాడు కాలికి దారం చుట్టి వేలెడు కత్తి బిగిస్తాడు. వదిలాక ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు. రెక్కల దుమ్ము, ఒక ఎగురు, అయిపోయింది. ఆ నిమిషానికి ముందు బరి చుట్టూ అరుపులే. డేగ మీద ఇంత, కాకి మీద ఇంత, చేతివేళ్లతో సైగలు. లోపలి పందెం ఇద్దరి మధ్య, పై పందేలు వందమంది మధ్య. చచ్చిన కోడి మాంసానికి కూడా అక్కడికక్కడే వేలం. ఇవి కాక బరి పక్కన టెంట్లలో గుండాట బోర్డులు, కోతముక్కలు. రాత్రయితే ఫ్లడ్‌లైట్లు. భీమవరం, ఉండి, ఆకివీడు నుంచి ఇటు మురమళ్ల దాకా మూడు రోజులూ ఇదే.

చట్టం ఏమంటుంది? జంతువులని పోట్లాడించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మన గేమింగ్ చట్టం ప్రకారమూ నేరమే. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు, కోడిపందేలు జరక్కుండా చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఏటా డిసెంబరు నెలాఖరున పోలీసులు ఊరూరా ఫ్లెక్సీలు కడతారు, కత్తులు కట్టేవాళ్లని బైండోవరు చేస్తారు, సిద్ధం చేసిన బరులని ట్రాక్టర్లతో దున్నిస్తారు. భోగినాడు పొద్దున్న ఆ దున్నిన బరిలోనే మొదటి కోడి దిగుతుంది. 1960 చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకి తక్కువ కాకుండా, యాభై రూపాయలకి మించకుండా. ఆ రోజుల్లో యాభై రూపాయలంటే యాభై రూపాయలే. ఇవాళ పందెం కోడి ధర వేలల్లో, మంచి జాతిదైతే లక్ష దాకా చెప్తారు. ఆ జరిమానాకి కోడి మేతలో జీడిపప్పు గుప్పెడు కూడా రాదు.

ఇప్పుడు సముద్రాలవతల చూడండి. అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ కోడిపందెం నిషేధం. ఆఖరున మానింది లూసియానా, 2008లో. ప్యూర్టో రికో దీవికి కూడా 2019 డిసెంబరు నుంచి ఫెడరల్ నిషేధం వర్తించింది. ఆ ఫెడరల్ చట్టం కింద కోడిని దింపినవాడికి అయిదేళ్ల దాకా జైలు. కూర్చుని చూసినందుకే ఏడాది దాకా. పదహారేళ్లలోపు పిల్లాణ్ణి వెంటబెట్టుకెళ్తే మూడేళ్ల దాకా. మన ఎన్నారై బాబాయిలు సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి దిగి, మనవణ్ణి భుజాల మీద ఎక్కించుకుని గ్యాలరీలో కూర్చుంటారు కదా, ఆ మురిపెం వాళ్లుండే ఊళ్లో అయితే రెండు నేరాలు.

ఫ్రాన్సులో కోడిపందెం నేరమే, కానీ తెగకుండా వస్తున్న సంప్రదాయం ఉన్న ఊళ్లలో మినహాయింపు. ఉత్తరాన కొన్ని ఊళ్లు, రీయూనియన్ లాంటి దీవులు. అయితే కొత్త బరి కట్టకూడదు, ఉన్నవి ఉన్నన్నాళ్లే. కొత్త బరులకి అనుమతి కావాలని వ్యాజ్యం వేస్తే 2015లో వాళ్ల రాజ్యాంగ మండలి కుదరదంది. ఫ్రెంచివాళ్లు యానాన్ని వదిలి వెళ్లకపోతే ఈ లెక్క మన గట్టు దగ్గర ఎలా ఉండేదో అని అప్పుడప్పుడు సరదాగా అనుకుంటాను.

అన్నిటికన్నా మనం చూడవలసింది ఫిలిప్పీన్స్. అక్కడ కోడిపందేన్ని సబోంగ్ అంటారు, వాళ్లకి అదంటే మనకన్నా ఎక్కువ పిచ్చి. మన గేమింగ్ చట్టం వచ్చిన 1974లోనే వాళ్ల కోడిపందేల చట్టమూ వచ్చింది. మనం నిషేధం రాసుకున్నాం, వాళ్లు లైసెన్సు రాసుకున్నారు. లక్ష జనాభా లోపు ఊరికి ఒకే ఒక్క బరి. ఆ బరి ఇళ్ల దగ్గరా, బడి దగ్గరా, ఆసుపత్రి దగ్గరా, చర్చి దగ్గరా ఉండకూడదు. ఆదివారాలు, సెలవు రోజులు, ఊరి తిరనాళ్లకి మూడు రోజులు మించకుండా. స్వాతంత్ర్య దినం, గుడ్ ఫ్రైడే, ఎన్నికల రోజు కోడి దిగడానికి వీల్లేదు. బరి ఆవరణలో కోళ్ల మీద తప్ప వేరే ఏ జూదమూ కూడదు. కోడి ప్రాణానికి అక్కడా విలువ లేదు, కత్తులు అక్కడా కడతారు, అందుకని వాళ్లని నేను మెచ్చుకోను. పైగా ఈ పందేలు ఇంటర్నెట్‌లోకి ఎక్కితే లైసెన్సు కూడా ఆపలేకపోయింది. పందేలకు సంబంధించిన మనుషులు పదులకొద్దీ కనిపించకుండా పోయిన కేసుల తరవాత, 2022 మేలో అధ్యక్షుడు డుటెర్టే ఆన్‌లైన్ సబోంగ్‌ని మూయించారు. కానీ ఊరి బరికి సంబంధించి వాళ్లకి ఒక కాగితం ఉంది. ఎవరు నడుపుతున్నారో పేరు ఉంది. తప్పు జరిగితే ఎవరి లైసెన్సు పోతుందో తెలుసు.

మన దగ్గర పేరుకి నిషేధం. భోగి నుంచి కనుమ దాకా అది సెలవు పెడుతుంది. నిషేధం సెలవులో ఉన్నప్పుడు ఇంకే నిబంధనా ఉండదు, ఎందుకంటే లేని దానికి నిబంధన రాయలేం కదా. వయసు అడిగేవాడు లేడు. రావొద్దని ఎవరినీ ఆపే ఉత్తర్వు లేదు. కోట్లు మారుతున్నాయని పేపర్లే రాస్తాయి, పంచాయతీకి పైసా రాదు. మోసం జరిగిందని చెప్పుకోవడానికి చోటు లేదు. కోడికి రక్షణ లేదు, మనిషికీ లేదు. మొనాకో తన వాణ్ణి ఆపింది, కొరియా తన వాడి వెనక పడింది, సింగపూరు తన వాడికి గుమ్మం పన్ను వేసింది. మనం మాత్రం, సరిగ్గా కుటుంబమంతా ఊళ్లో ఉండే మూడు రోజులు చూసి, మన వాడికే గేటు తీశాం.

ఇది మా సంప్రదాయం, జల్లికట్టుకి ఇచ్చినట్టు మాకూ అనుమతి ఇవ్వండి అని మన నాయకులు ఏటా అంటారు. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు సవరణని సమర్థించిన తరవాత ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తోంది. అడగనివ్వండి. కానీ అనుమతి అంటే షరతు కూడా. ఆ ఫిలిప్పీన్స్ చట్టం తెచ్చి మన భాషలో అచ్చువేసి ప్రతి బరి నిర్వాహకుడికీ ఒక ప్రతి ఇవ్వాలి. మండలానికి ఒక్క బరి, బడికి దూరంగా. గుండాట బోర్డు, కోతముక్క టెంటు ముందు ఎత్తేయాలి. పిల్లలకి ప్రవేశం లేదు. నిర్వాహకుడి పేరు బోర్డు మీద రాయాలి, లెక్కలు ఆడిటుకి ఇవ్వాలి, పన్ను కట్టాలి. ఇంట్లో ఆడవాళ్లు అర్జీ పెడితే ఆ మనిషిని గేటు దగ్గరే ఆపాలి. ఇన్ని షరతులతో లైసెన్సు ఇస్తామంటే, ఇవాళ సంప్రదాయం అని గొంతెత్తేవాళ్లలో దరఖాస్తు పెట్టేది ఎంతమందో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.